ఐదుగురి గోడ: ఓడిపోతున్న జట్టు లైన్‌మెన్ స్థానాలు మార్చాలా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2021 సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు, డెట్రాయిట్ లయన్స్ ప్రాక్టీసులో టేలర్ డెకర్ వేలికి దెబ్బ తగిలింది. డెకర్ ఆ జట్టు లెఫ్ట్ టాకిల్, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాచే ఐదుగురి వరసలో ఎడమ చివర నిలబడేవాడు. ఆ ఒక్క వేలితో జట్టు వేసవంతా వేసుకున్న లెక్క తారుమారైంది.

ఆ ఏప్రిల్‌లో లయన్స్ డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ఏడో స్థానంలో పెనే సూవెల్‌ని తీసుకుంది. ఒరెగాన్ యూనివర్సిటీలో అతను లెఫ్ట్ టాకిల్. కోవిడ్ కారణంగా 2020 సీజన్ ఆడలేదు, అప్పటికి వయసు ఇరవై ఏళ్లే. డెట్రాయిట్‌లో ఎడమ వైపు డెకర్ ఉన్నాడు కాబట్టి సూవెల్‌కి కుడి వైపు నేర్పడం మొదలుపెట్టారు. ప్రీసీజన్ ఆటల్లో అతను కుడి వైపు తడబడ్డాడు. ఇంతలో డెకర్ పక్కకి తప్పుకోవడంతో, నేర్చుకున్నదంతా పక్కన పెట్టి మళ్లీ ఎడమ వైపు నిలబడమన్నారు. ఎనిమిది ఆటలు అక్కడ ఆడాడు. డెకర్ తిరిగొచ్చాక మళ్లీ కుడి వైపుకి. కొత్త కోచ్ డాన్ క్యాంప్‌బెల్ మొదటి సీజన్‌ని లయన్స్ 3-13-1తో (3 గెలుపులు, 13 ఓటములు, ఒక టై) ముగించింది.

అప్పుడు చూసినవాళ్లకి ఇది అచ్చమైన గందరగోళంలా కనిపించి ఉంటుంది. మూడేళ్లు గడిచాక అదే జట్టు 15-2. అదే సూవెల్ 2023లో, 2024లో రైట్ టాకిల్‌గా ఆల్-ప్రో (ఏడాది మేటి ఆటగాళ్ల జాబితా) మొదటి జట్టులో ఉన్నాడు. 2024 ఏప్రిల్‌లో అతనికి ఇచ్చిన నాలుగేళ్ల కాంట్రాక్టు విలువ 11.2 కోట్ల డాలర్లు. ఏడాది సగటు చూస్తే ఆ రోజుకి లీగ్‌లో ఏ లైన్‌మన్‌కీ అంత లేదు.

ఈ కథ చూపించి "మార్చేస్తే పోలా, మంచి ఆటగాడు ఎక్కడైనా ఆడతాడు" అనేవాళ్లు ప్రతి ఏడాదీ దొరుకుతారు. వరసగా ఓడిపోతున్న ప్రతి జట్టు దగ్గరా ఇదే చర్చ నడుస్తుంది: లెఫ్ట్ టాకిల్‌ని గార్డ్ చేద్దాం, గార్డ్‌ని సెంటర్ చేద్దాం, కుడివైపు కుర్రాణ్ని ఎడమకి తెద్దాం. కాగితం మీద ఐదు గళ్లు, ఐదు పేర్లు. పెన్సిల్‌తో చెరిపి రాస్తే సరిపోయినట్టే ఉంటుంది. మైదానంలో అలా ఉండదు. ఎందుకుండదో తెలియాలంటే ఆ ఐదుగురు అసలేం చేస్తారో ముందు చూడాలి.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి సెంటర్ కాళ్ల మధ్య నుంచి వెనక్కి వస్తుంది. అతనికి రెండు వైపులా గార్డులు, వాళ్లకి బయట టాకిల్స్. ఐదుగురూ సాధారణంగా 300 పౌండ్లకి పైన ఉండే మనుషులు. మామూలుగా వీళ్లు బంతి విసరరు, పట్టరు, పరిగెత్తరు. వీళ్ల పేరు టీవీలో వినిపించిందంటే చాలాసార్లు ఏదో తప్పు జరిగిందనే అర్థం. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి కావలసిన రెండున్నర, మూడు సెకన్లు సంపాదించిపెట్టడం, పరుగెత్తేవాడికి దారి తెరవడం, ఇవీ వీళ్ల పనులు. బయటికి చూస్తే ఐదుగురిదీ ఒకటే పని. దగ్గరగా చూస్తే ఐదు వేరు వేరు ఉద్యోగాలు.

టాకిల్ ఎదురుగా ఉండేవాడు ఎదుటి జట్టులోని వేగమైన ఎడ్జ్ రషర్, అంటే అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాడు. చుట్టూ ఖాళీ ఎక్కువ. టాకిల్ వెనక్కి జారుతూ, ఆ వేగాన్ని చేతులతో అందుకుని పక్కకి తోసెయ్యాలి. అందుకే టాకిల్ చేతుల పొడవుని స్కౌట్లు అంగుళాల్లో, అంగుళం ముక్కల్లో కొలుస్తారు. 33 లేదా 34 అంగుళాలు ఉంటే నిశ్చింత, అంతకన్నా తక్కువైతే అనుమానం. గార్డ్‌కి ఖాళీ తక్కువ, ఎదుటివాడి బరువు ఎక్కువ, ఢీకొనే లోపు ఉండే సమయం ఇంకా తక్కువ. అక్కడ చేతుల పొడవు కన్నా నడుము బలం, కాళ్లు నేలలో దిగేసినట్టు నిలబడటం ముఖ్యం. సెంటర్ పని మరీ వేరు. ఒక చేత్తో బంతి అందిస్తూ, అదే క్షణంలో ఎదుటివాణ్ని ఆపాలి. అంతకుముందే ఎదుటి డిఫెన్స్‌ని చదివి, ఎవరు ఎవర్ని పట్టుకోవాలో పక్కవాళ్లకి అరిచి చెప్పాలి.

ఎడమ, కుడి తేడా ఇంకోటి. ఇది చూసేవాళ్లకి చిన్నగా అనిపిస్తుంది, ఆడేవాడికి మాత్రం పెద్దది. లెఫ్ట్ టాకిల్ ఎడమ కాలితో వెనక్కి జారతాడు, బరువు కుడి కాలి మీద ఉంచుతాడు, నడుము ఎడమకి తెరుచుకుంటుంది. కుడి వైపుకి మార్చితే ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. హైదరాబాద్‌లో పదేళ్లు కారు నడిపి అమెరికా వెళ్లినవాళ్లు మొదటి వారం ఇండికేటర్ వెయ్యబోయి వైపర్ వేసేస్తారు. రూల్ తెలియక కాదు. అడిగితే తప్పు లేకుండా చెబుతారు. చేతికి మాత్రం ఇంకా తెలియదు. రోడ్డు మీద ఆ పొరపాటు నవ్వుకోవడానికి పనికొస్తుంది. రెండున్నర సెకన్ల ఆటలో చెయ్యి అరక్షణం తప్పు వైపు వెళితే వెనకాల క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉంటాడు.

పైగా ఆ చెయ్యికి నేర్పే సమయం ఇప్పుడు లేదు. 2011లో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందం తర్వాత, రోజుకి రెండుసార్లు ప్యాడ్లు వేసుకుని ఢీకొనే పాత తరహా క్యాంపులు పోయాయి. సీజన్ మొత్తంలో ప్యాడ్లతో చేసే ప్రాక్టీసులకి 14 అని పరిమితి పెట్టారు. శరీరాలకి అది మంచిదే, ఆ విషయంలో వాదన అక్కర్లేదు. కానీ లైన్‌మన్ పని ఢీకొంటే తప్ప రాదు. బంతి పట్టే రిసీవర్ నిక్కరు, టీషర్ట్ వేసుకుని కూడా పరుగు దారులు నేర్చుకోగలడు. లైన్‌మన్ ఎదురుగా నిజంగా నెట్టే మనిషి లేకపోతే చేసేది డాన్స్ ప్రాక్టీసే. అక్టోబర్‌లో స్థానం మార్చిన లైన్‌మన్ కొత్త పని నేర్చుకునేది ఆదివారం ఆటలోనే, అసలైన ప్రత్యర్థి మీదే.

ఇంతవరకూ ఒక మనిషి గురించి. జట్టు పరంగా చూస్తే అసలు చిక్కు మరొకటి.

ఐదుగురు వరసలో నిలబడితే వాళ్ల మధ్య నాలుగు జంటలు ఏర్పడతాయి: లెఫ్ట్ టాకిల్-లెఫ్ట్ గార్డ్, లెఫ్ట్ గార్డ్-సెంటర్, సెంటర్-రైట్ గార్డ్, రైట్ గార్డ్-రైట్ టాకిల్. పని చాలావరకు ఈ జంటల్లోనే జరుగుతుంది. ఇద్దరు డిఫెండర్లు ఒకరినొకరు దాటుకుంటూ స్థానాలు మార్చుకుని వస్తే (దీన్ని స్టంట్ అంటారు), గార్డూ టాకిలూ మాట కూడా లేకుండా మనుషుల్ని మార్చుకోవాలి. ఇద్దరూ ఒకడి వెంట పోయారా, రెండోవాడికి తలుపు తెరిచినట్టే. పరుగు ఆటలో ఇద్దరు కలిసి ఒకణ్ని నెట్టి, వాళ్లలో ఒకరు సరైన క్షణంలో విడిపోయి వెనకున్న లైన్‌బ్యాకర్ మీదికి వెళ్లాలి. ఎవరు విడిపోవాలో కొన్నిసార్లు భుజం తగలడం బట్టే తెలుస్తుంది. కబడ్డీలో కార్నర్, కవర్ కలిసి రెయిడర్‌ని మూసేసినట్టు. కొత్త జంటకి ఆ పట్టు కుదరడానికి వారాలు పడుతుంది.

అందుకని స్థానం మార్చే ముందు వెయ్యాల్సిన లెక్క ఇది: ఈ మార్పుతో ఎన్ని జంటలు విడిపోతున్నాయి?

లెఫ్ట్ టాకిల్ గాయపడ్డాడు అనుకుందాం. బెంచ్ మీది టాకిల్‌ని అక్కడ పెడితే మారేది ఒక్క జంట. అతను బలహీనుడని, మంచి లెఫ్ట్ గార్డ్‌ని బయటికి జరిపి, గార్డ్ స్థానంలో ఇంకొకణ్ని తెస్తే రెండు జంటలు మారతాయి, రెండు స్థానాల్లో కొత్త మనుషులు నిలబడతారు. గుంత పూడ్చడానికి పక్కనే ఇంకో గుంత తవ్వి ఆ మట్టి తెచ్చినట్టు. కాన్సస్ సిటీ చీఫ్స్ 2024లో ఇదే చేసింది. లెఫ్ట్ టాకిల్‌గా ఎవరూ కుదరక, లీగ్‌లోని మేటి గార్డుల్లో ఒకడైన జో థూనీని డిసెంబర్‌లో బయటికి జరిపింది. నిజం చెప్పాలంటే థూనీ ఊహించినదానికన్నా బాగా ఆడాడు, జట్టు లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లింది. అక్కడ ఫిలడెల్ఫియా చేతిలో 40-22తో ఓడింది, క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ ఆరుసార్లు శాక్ అయ్యాడు (అంటే బంతి విసరకముందే అతన్ని పడగొట్టారు). చీఫ్స్‌కి ఆ రిస్కులో అర్థముంది. వాళ్లు ఆ ఏడాది కప్పు కోసం ఆడుతున్నారు, రేపటి సంగతి రేపు చూసుకోవచ్చు. రీబిల్డింగ్‌లో ఉన్న జట్టుకి, అంటే మళ్లీ మొదటి నుంచి కట్టుకుంటున్న జట్టుకి, ఈ సాకు లేదు. అక్కడ ఉన్నదల్లా రేపే.

క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ దీన్ని సమయానికి గ్రహించింది. 2007 నుంచి 2017 దాకా జో థామస్ అక్కడ లెఫ్ట్ టాకిల్‌గా వరసగా 10,363 స్నాప్‌లు (సెంటర్ బంతి వెనక్కి అందించిన ప్రతిసారీ ఒక స్నాప్) ఆడాడు, ఒక్కటి కూడా వదలకుండా. అతను రిటైరయ్యేనాటికి జట్టు 0-16 సీజన్ చూసి ఉంది. ఆ ఖాళీలోకి 2018 ఆగస్టులో లెఫ్ట్ గార్డ్ జోయెల్ బిటోనియోని జరిపారు. కాలేజీలో అతను టాకిలే కాబట్టి ఆలోచన మరీ వింతదేం కాదు. గార్డ్ స్థానంలో రెండో రౌండ్ కుర్రాడు ఆస్టిన్ కార్బెట్‌ని పెట్టారు. సీజన్ మొదలయ్యేలోపే వెనక్కి తగ్గి, బిటోనియోని గార్డ్‌గానే ఉంచి, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని కొత్త ఆటగాడికి లెఫ్ట్ టాకిల్ ఇచ్చారు. ఆ కొత్తవాడు నిలబడలేదు. అయినా ఆ నిర్ణయం సరైనదే. బలమైన చోటు బలంగా మిగిలింది, ఆ బిటోనియోనే తర్వాత 2021లో, 2022లో లెఫ్ట్ గార్డ్‌గా ఆల్-ప్రో మొదటి జట్టుకి ఎంపికయ్యాడు. నలిగింది కార్బెట్. కాలేజీలో టాకిల్, ఇక్కడ గార్డ్, తర్వాత సెంటర్‌గా ప్రయోగాలు, ఎక్కడా వేళ్లూనుకోకుండానే 2019లో లాస్ ఏంజెలెస్ రామ్స్‌కి పంపేశారు. అక్కడ రైట్ గార్డ్‌గా కుదురుకుని సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఆడాడు. ఆటగాడిలో లోపం లేదని, నేర్పిన తీరులోనే ఉందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

మార్పులు పనిచేసిన సందర్భాలూ చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే దిశలో ఉంటాయి: బయటి నుంచి లోపలికి. జాక్ మార్టిన్ నోటర్ డామ్‌లో లెఫ్ట్ టాకిల్. డల్లాస్ 2014లో అతన్ని తీసుకుని మొదటి రోజు నుంచే రైట్ గార్డ్ చేసింది. తొమ్మిదిసార్లు ప్రో బౌల్ (ఏటా మేటి ఆటగాళ్లకి దక్కే ఎంపిక), ఏడుసార్లు ఆల్-ప్రో మొదటి జట్టు. బ్రాండన్ షెర్ఫ్‌ని వాషింగ్టన్ 2015లో ఐదో స్థానంలో తీసుకుంది. రైట్ టాకిల్ అనుకున్నారు, ఆ వేసవిలోనే గార్డ్‌గా జరిపారు, ఐదుసార్లు ప్రో బౌల్‌కి వెళ్లాడు. టెనెసీ టైటన్స్ 2023లో తీసుకున్న పీటర్ స్కొరాన్స్కీ చేతులు 32¼ అంగుళాలు. కాలేజీలో లెఫ్ట్ టాకిల్‌గా మెరిసినా, ప్రొఫెషనల్ లీగ్‌లో లెఫ్ట్ గార్డ్ చేశారు. కుదిరింది.

లోపలికి మార్చడం తేలికవడానికి కారణం ఉంది. టాకిల్‌గా నిలబడగలిగినవాడికి పాదాల వేగం గార్డ్‌కి కావలసినదానికన్నా ఎక్కువే ఉంటుంది. కొత్తగా తెచ్చుకోవలసింది బలం, దగ్గరి పోట్లాట. అవి జిమ్‌లో, క్యాంపులో పెరుగుతాయి. గార్డ్‌ని టాకిల్ చేస్తే తెచ్చుకోవలసింది పాదాల వేగం, చేతుల పొడవు. ఇవి పుట్టుకతో రావాల్సిందే. చేతులు పెంచే కోచ్ ఇంకా పుట్టలేదు.

అందుకే టాకిల్‌గా విఫలమైన మొదటి రౌండ్ ఆటగాడిని లోపలికి తేవడం రీబిల్డింగ్ జట్టుకి దాదాపు ఉచితంగా దొరికే ప్రయోగం. న్యూయార్క్ జెయింట్స్ 2015లో తొమ్మిదో స్థానంలో ఎరిక్ ఫ్లవర్స్‌ని తీసుకుంది. రైట్ టాకిల్‌గా మొదలుపెడదాం అనుకున్నారు, అసలు లెఫ్ట్ టాకిల్ గాయపడటంతో నేరుగా ఎడమ వైపు దింపేశారు. మూడేళ్లు అతని తప్పులే వార్తలు. 2018లో కుడి వైపుకి మార్చారు, అదీ కుదరక అక్టోబర్‌లో వదిలేశారు. 2019లో వాషింగ్టన్ అతన్ని లెఫ్ట్ గార్డ్‌గా పెట్టింది. ఆ ఒక్క సీజన్ చూసి మయామీ మూడేళ్లకి 3 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. జెయింట్స్ చేతిలో మూడేళ్లు ఉన్న సరుకే అది. ఇంకో జట్టు ఒక్క మెట్టు లోపలికి జరిపి చూసింది, అంతే. ఇక్కడ జెయింట్స్‌ని వెక్కిరించడం కన్నా ఎందుకు జరగలేదో అడగడం మేలు. తొమ్మిదో స్థానంలో తీసుకున్నవాణ్ని గార్డ్ చేస్తే, డ్రాఫ్ట్‌లో తప్పు చేశామని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ మొహమాటమే ఖరీదైంది.

ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి మార్చిన లెక్క ఇంత సూటిగా ఉండదు. ఒకప్పుడు లెఫ్ట్ టాకిల్ అంటే రాజు. కుడి చేతి వాటం క్వార్టర్‌బ్యాక్ విసరడానికి తిరిగినప్పుడు అతని వీపు ఎడమ వైపుకి ఉంటుంది. అక్కడి నుంచి వచ్చేవాడు కనపడడు, అందుకే దాన్ని బ్లైండ్ సైడ్ అంటారు. ఇప్పుడు డిఫెన్సులు తమ మేటి రషర్‌ని ఎటువైపు బలహీనుడుంటే అటు పంపుతున్నాయి. దాంతో రెండు వైపుల మధ్య విలువ తేడా తగ్గింది. రైట్ టాకిల్ అయిన సూవెల్‌కి దక్కిన కాంట్రాక్టే అందుకు సాక్ష్యం. అయినా మనసులో పాత పీట పాతదే. బాల్టిమోర్‌లో ఆర్లాండో బ్రౌన్ జూనియర్ 2020లో గాయపడ్డవాడి బదులు ఎడమ వైపు ఆడి, ఇక కుడి వైపుకి తిరిగి వెళ్లనన్నాడు. 2021లో జట్టు అతన్ని కాన్సస్ సిటీకి పంపాల్సి వచ్చింది. 2023లో అదే బ్రౌన్‌ని సిన్సినాటి లెఫ్ట్ టాకిల్‌గా తెచ్చుకుంటే, అప్పటిదాకా అక్కడున్న జోనా విలియమ్స్ తనని వేరే జట్టుకి పంపమని అడిగాడు. చివరికి ఒక సీజన్ కుడి వైపు ఆడి వెళ్లిపోయాడు.

ఇదంతా అలకలా కనిపిస్తుంది కానీ వెనక డబ్బు ఉంది. మొదటి రౌండ్ ఆటగాడికి నాలుగేళ్ల కాంట్రాక్టు, జట్టు ఇష్టం మీద ఐదో ఏడాది. రెండో కాంట్రాక్టులోనే అసలు సంపాదన. ఆ లోపు రెండు స్థానాల్లో సగం సగం ఆడినవాడి చేతిలో చూపించుకోవడానికి ఒక్క పూర్తి సీజన్ కూడా ఉండదు. జట్ల వైపు నుంచి చూస్తే ఇంకో వింత. ఫ్రాంచైజ్ ట్యాగ్ (కాంట్రాక్టు అయిపోయిన ఆటగాణ్ని జట్టు ఇంకో ఏడాది ఆపుకునే హక్కు) విలువ లెక్కించేటప్పుడు లీగ్ టాకిల్, గార్డ్, సెంటర్ అందరినీ ఒకే గాటన కడుతుంది. దాంతో టాకిల్స్ జీతాలు ఆ సంఖ్యని పైకి లాగి, గార్డ్‌ని ట్యాగ్‌తో ఆపుకోవడం మోయలేని భారమవుతుంది. వాషింగ్టన్ షెర్ఫ్‌ని 2020లో, 2021లో వరసగా అలా ఆపుకుని, తర్వాత వదులుకుంది. టాకిల్‌ని లోపలికి మార్చి గొప్ప గార్డ్‌ని తయారుచేసుకున్న జట్టు, ఐదో ఏడాదికల్లా ఈ లెక్క ముందు కూర్చోవాలి.

టైటన్స్‌ ఉదాహరణ మాత్రం ఎవరికీ ఈర్ష్య పుట్టించేది కాదు. 2023లో 6-11. 2024లో కొత్త కోచ్ బ్రయన్ క్యాలహన్, లైన్‌కి ఆయన తండ్రి బిల్ క్యాలహన్. లైన్ కోచ్‌లలో ఎంతో పేరున్న మనిషి. ఏడో స్థానంలో జేసీ లేథమ్‌ని తీసుకున్నారు. అలబామాలో రెండేళ్లు రైట్ టాకిల్. 340 పౌండ్ల పైన ఉన్న ఆ కుర్రాణ్ని మొదటి ఏడాదే లెఫ్ట్ టాకిల్ చేశారు. అంతకు నాలుగేళ్ల ముందు క్లీవ్‌లాండ్‌లో బిల్ క్యాలహన్ చేతి కిందే ఇలాంటి పని ఒకటి జరిగింది. జెడ్రిక్ విల్స్ కూడా అలబామా రైట్ టాకిలే. అక్కడ క్వార్టర్‌బ్యాక్ టువా ఎడమ చేతి వాటం కాబట్టి విల్స్ కాసిన కుడి వైపే బ్లైండ్ సైడ్. బ్రౌన్స్ 2020లో అతన్ని పదో స్థానంలో తీసుకుని ఎడమకి మార్చింది. కోవిడ్ వల్ల ఆ ఏడాది వసంతంలో ప్రాక్టీసులు లేవు, ప్రీసీజన్ ఆటలు లేవు. మొదట్లో పర్వాలేదనిపించాడు. తర్వాత గాయాలు, తడబాటు, 2024 సీజన్ అయ్యాక బ్రౌన్స్‌తో బంధం ముగిసింది.

లేథమ్ ఎడమ వైపు ఆడిన 2024లో టైటన్స్ 3-14. అతని మీదే తప్పు వెయ్యడానికి లేదు, కుడి వైపు అంతకన్నా అధ్వాన్నం. 2025లో జట్టు డాన్ మూర్ జూనియర్‌కి నాలుగేళ్లకి 8.2 కోట్ల డాలర్లు ఇచ్చి లెఫ్ట్ టాకిల్‌గా తెచ్చింది. లేథమ్‌ని మళ్లీ కుడి వైపుకి పంపింది. అంటే కాలేజీలో నేర్చిన పని ఒక ఏడాది మరిచిపోయే ప్రయత్నం చేసి, రెండో ఏడాది గుర్తు తెచ్చుకోవడం. ఆ అక్టోబర్‌లో 1-5 వద్ద బ్రయన్ క్యాలహన్‌ని తీసేశారు. మూర్‌కి డబ్బు ఇవ్వడం తప్పు కాదు. అదే పని ఒక ఏడాది ముందు చేసి, లేథమ్‌ని తనకి తెలిసిన చోట మొదలుపెట్టి ఉంటే ఒక ఏడాది చదువు మిగిలేది. రీబిల్డింగ్ జట్టుకి ఓటములు ఎన్నైనా ఉంటాయి, చదువుకునే ఏళ్లు మాత్రం లెక్కపెట్టినన్నే ఉంటాయి.

హైదరాబాద్ వాళ్లకి ఈ బాధ కొత్త కాదు. వీవీఎస్ లక్ష్మణ్‌ని కొన్నేళ్ల పాటు ఓపెనర్‌గా వాడారు, జట్టులో అక్కడే ఖాళీ ఉంది కాబట్టి. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గానే 167 కొట్టాడు, కాబట్టి చేతకాదని అనలేం. అయినా ఇక ఓపెనింగ్ చెయ్యనని తనే తేల్చి చెప్పి మిడిల్ ఆర్డర్‌కి పట్టుబట్టాడు. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో మూడో స్థానంలో వచ్చి చేసిన 281 సంగతి అందరికీ తెలుసు. ఖాళీ ఎక్కడుందో చూసి మనిషిని పంపడం ఒకటి, మనిషి ఎక్కడ వికసిస్తాడో చూసి ఖాళీని వేరే విధంగా నింపడం ఇంకొకటి.

ఇక్కడ జంటల లెక్కకి ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటి చెప్పకపోతే అన్యాయం. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ రిటైరయ్యాక 2023లో టాంపా బే బక్కనీర్స్ పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. ఆ వసంతంలో జట్టు లైన్ మొత్తం తిరగేసింది. కుడి వైపు 2021లో ఆల్-ప్రో అయిన ట్రిస్టన్ వర్ఫ్స్ ఎడమకి వెళ్లాడు. ముందు ఏడాది లెఫ్ట్ గార్డ్‌గా నానా తిప్పలు పడిన లూక్ గెడెకీ రైట్ టాకిల్ అయ్యాడు. రెండు గార్డ్ స్థానాల్లోనూ కొత్త మనుషులు. నాలుగు జంటల్లో ఒక్కటీ పాతది మిగల్లేదు. అయినా 9-8తో డివిజన్ గెలిచి, ప్లేఆఫ్స్‌లో ఒక ఆట కూడా గెలిచారు. వర్ఫ్స్ 2024లో లెఫ్ట్ టాకిల్‌గా ఆల్-ప్రో మొదటి జట్టులో ఉన్నాడు.

ఇది ఎలా కుదిరింది? ఒకటి, నిర్ణయం వసంతంలోనే అయిపోయింది, సెప్టెంబర్ దాకా నెలల తరబడి అవే జంటలు పక్కపక్కన నిలబడ్డాయి. రెండోది ఇంకా ముఖ్యం: గెడెకీ వెళ్లింది కొత్త చోటుకి కాదు. సెంట్రల్ మిషిగన్‌లో అతను రైట్ టాకిలే. పుట్టింటికి వెళ్లినట్టు వెళ్లాడు. నిజంగా కొత్త పని నేర్చుకున్న పాతకాపు వర్ఫ్స్ ఒక్కడే, అతను లీగ్‌లోని అత్యుత్తమ అథ్లెట్లలో ఒకడు. డెట్రాయిట్‌లోనూ తీరు దాదాపు ఇంతే. సెంటర్ ఫ్రాంక్ రాగ్నోని 2018లో మొదటి ఏడాది లెఫ్ట్ గార్డ్‌గా ఆడించి, 2019లో అతని అసలు చోటైన సెంటర్‌కి తెచ్చి, ఆ తర్వాత కదపలేదు. సూవెల్ కుడి వైపు కుదిరాక అదే అతని ఇల్లయింది. అటూ ఇటూ తిప్పిన ఆ మొదటి ఎనిమిది ఆటలు గాయం తెచ్చిన అవసరమే. అయినా ఆ పేచీలో అతన్ని పంపింది తెలియని చోటుకి కాదు, కాలేజీలో ఆడిన ఎడమ వైపుకే.

కాబట్టి రీబిల్డింగ్ జట్టుకి మార్పు నిషిద్ధమేం కాదు. జట్టు మళ్లీ గెలిచే రోజుకి కూడా ఇక్కడే ఉండే కుర్రాణ్ని మార్చవచ్చు, వసంతంలో, ఒక్కసారి, వీలైతే లోపలికి లేదా అతను ముందే ఎరిగిన చోటుకి. ముప్పై దాటిన వెటరన్‌ని కొత్త స్థానం నేర్చుకోమనడంలో అర్థం లేదు. అతను నేర్చుకునేసరికి వెళ్లిపోతాడు. బాగా ఆడుతున్న ఒక్కణ్ని పీకి ఖాళీలో పెట్టడం మాత్రం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. అలాంటి జట్టులో బాగున్నవి ఒకటో రెండో ఉంటాయి, వాటినే చెడగొట్టుకుంటే మిగిలేది ఏముంటుంది?

ఈ పాఠాలన్నిటికీ ఫీజు కట్టేది ఒకడున్నాడు, క్వార్టర్‌బ్యాక్. లీగ్‌లోకి కొత్తగా వచ్చిన హ్యూస్టన్ టెక్సన్స్ 2002లో డేవిడ్ కార్‌ని మొదటి స్థానంలో తీసుకుంది. లెఫ్ట్ టాకిల్‌గా ఏరి తెచ్చుకున్న టోనీ బొసెల్లీ భుజం గాయాలతో ఒక్క ఆట కూడా ఆడలేదు. కార్ ఆ సీజన్‌లో 76 సార్లు శాక్ అయ్యాడు, ఆ రికార్డు ఇప్పటికీ ఉంది. 2024లో షికాగోలో కేలెబ్ విలియమ్స్ 68 సార్లు. షికాగో 2025కి ఉన్నవాళ్లని అటూ ఇటూ జరపడం మీదే ఆధారపడలేదు. లోపలి మూడు స్థానాలకీ ఆ పనే చేసి చూపించిన ముగ్గుర్ని బయటి నుంచి తెచ్చింది, రైట్ టాకిల్ డార్నెల్ రైట్‌ని ఉన్నచోటే ఉంచింది. జట్టు 11-6. డబ్బు, డ్రాఫ్ట్ పిక్స్ ఉన్నప్పుడు అది అన్నిటికన్నా సూటి దారి. అవి లేనప్పుడే పెన్సిల్, రబ్బరు బయటికొస్తాయి.

2025 సీజన్ అయ్యాక ఆ పెన్సిల్ న్యూ ఇంగ్లండ్ మీదికి వచ్చింది. 2024లో 4-13గా ఉన్న పేట్రియట్స్ 2025లో నాలుగో స్థానంలో విల్ క్యాంప్‌బెల్‌ని తీసుకుంది. కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లని కొలిచి పరీక్షించే శిబిరం) కొలిచిన చేతులు 32⅝ అంగుళాలు. గార్డ్ చెయ్యమని అప్పుడే చాలామంది అన్నారు, జట్టు లెఫ్ట్ టాకిల్‌గానే ఆడించింది. 14-3తో సూపర్ బౌల్ దాకా వెళ్లి, అక్కడ సియాటిల్ చేతిలో 29-13తో ఓడింది. క్వార్టర్‌బ్యాక్ డ్రేక్ మే ఆరుసార్లు శాక్ అయ్యాడు, చేతుల పొడవు చర్చ మళ్లీ మొదలైంది. క్యాంప్‌బెల్‌ని లెఫ్ట్ గార్డ్‌కి తెస్తే, ఆ స్థానంలో ఆడిన జారెడ్ విల్సన్ కదలాలి. అతనూ అదే ఏడాది డ్రాఫ్ట్ కుర్రాడే, మూడో రౌండ్. విల్సన్ జార్జియాలో సెంటర్, కాబట్టి అటు వెళ్లడం అతనికి ఇంటికి వెళ్లడమే. లెఫ్ట్ టాకిల్‌గా మాత్రం పూర్తిగా కొత్త మనిషి కావాలి. మూడు స్థానాలు కదులుతాయి, ఎడమ నుంచి మొదలుపెట్టి మూడు జంటలు మారతాయి, రైట్ గార్డ్-రైట్ టాకిల్ జంట ఒక్కటే పాతది మిగులుతుంది. ఏడాది కలిసి ఆడి ఇప్పుడిప్పుడే స్టంట్లు మార్చుకోవడం నేర్చిన ఆ ఇద్దరు కుర్రాళ్లు పక్కపక్కనే ఉంటారు, కానీ ఎడమ వైపున్నవాడు ఒక మెట్టు లోపల, అతని పక్కవాడు చేతిలో బంతితో.